కండెకి ఎంతిస్తారంట?

పోయిన నెల మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్దమావయ్య ఒక ఫార్వర్డ్ పెట్టాడు. నరసాపురం లేసు ఫోటోలు నాలుగు, కింద "వేల ఏళ్ల నాటి మన ప్రాచీన కళ, గర్వపడితే షేర్ చేయండి" అని రాత. నేను షేర్ చేయలేదు. సరిగ్గా ఆ వారమే ఇక్కడ డబ్లిన్‌లో, గురువారం సాయంత్రాలు మా పేట లైబ్రరీలో కూర్చునే అల్లికల గుంపులో ఒకావిడ నా చేతిలో పని చూసి "ఇది మేం మీకు నేర్పిందే కదా" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, సంతోషంగానే అంది. ఆ మాట కూడా నాకు మింగుడు పడలేదు.

లెక్క చూస్తే ఇద్దరిదీ తప్పే. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు లేసు పట్టి నూట ఎనభై ఏళ్లు, అంతే. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పారని మా వైపు అందరూ చెప్పుకునేదే. అంటే ఐర్లాండ్ వాళ్లూ నేర్పలేదు. పైగా వాళ్ల లేసు కూడా వాళ్లు పుట్టించుకున్నది కాదు. వెనిస్‌లో మామూలు సూదితో నెలల తరబడి చేసే ఖరీదైన లేసు ఉండేది. దాన్ని కొక్కెం సూదితో తొందరగా, చవగ్గా వచ్చేలా అనుకరించారు. ఈ కొక్కెం సూది అల్లికకి క్రోషె అన్న పేరేమో ఫ్రెంచి మాట, చిన్న కొక్కెం అని అర్థం. ఎవరు ఎవరికి నేర్పారన్న పంచాయితీ పెడితే ఇలా తవ్వుకుంటూ పోవాలి.

ఆ లైబ్రరీ గోడ మీద ఒక పోస్టరుంది. ప్రపంచ పటం, దాని మీద రంగురంగుల ఉన్ని ఉండలు, కింద "చేతిపనికి సరిహద్దుల్లేవు" అన్న అర్థం వచ్చే వాక్యం. రెండేళ్లుగా దాని కిందే కూర్చుంటున్నాను. ఒక్కో గురువారం నిజమే అనిపిస్తుంది. ఒక్కో గురువారం ఒళ్లు మండుతుంది. ఎందుకో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

అరుగు మీద

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే నాకు గుర్తొచ్చేది మామిడిపళ్ల కంటే ముందు ఆ అరుగు. మధ్యాహ్నం అన్నాలై గిన్నెలు తోమడం అయ్యాక అమ్మమ్మా, పక్కిళ్ల వాళ్లు ఇద్దరూ అక్కడ చేరేవారు. ఒళ్లో ఉతికిన తెల్ల గుడ్డ, దాని మీద దారం కండె. దీపాలు పెట్టే వేళ దాకా చేతులు ఆగేవి కావు, నోళ్లూ ఆగేవి కావు. ఒకరు పూలు వేసేవారు. వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. కాజాకుట్టు మూడోవారిది. మొత్తం టేబుల్ క్లాత్ ఎలా తయారైందో ముగ్గురిలో ఎవరూ చూసేవారు కారు. చూసినా పరుచుకోవడానికి మా వీధిలో టేబుల్ ఉన్న ఇల్లు ఒక్కటే.

అమ్మమ్మ సూదికి ఒక కథుంది. పాత గొడుగు కమ్మి విరిచి, గుమ్మం రాతి మీద అరగదీసి, మా తాతయ్య చేసిపెట్టాడట. ఆ తర్వాత దారం ఇచ్చి, అల్లిన లేసు పట్టుకెళ్లే ఏజెంటు మంచి స్టీలు సూదులు ఎన్ని ఇచ్చినా ఆవిడ దాన్నే వాడింది. బొటనవేలు ఆనేచోట నొక్కు పడిపోయింది. సూది మీదో వేలి మీదో అని అడగకండి, రెంటి మీదా.

నాకూ నేర్పింది. చైను, డబులు, తిబులు. మొదటి రెండూ ఇంగ్లీషని తెలుసు. తిబులు మాత్రం చాలా ఏళ్లు మన మాటే అనుకున్నాను. లైబ్రరీలో మొదటిసారి ఒక పెద్దావిడ నాకు డిజైన్ చదివి చెబుతూ "ట్రెబుల్" అన్నప్పుడు చేతిలో సూది జారింది. అమ్మమ్మ తిబులు అదే! ఇంగ్లండు, ఐర్లాండ్ వాళ్ల లెక్కలో చైను తర్వాత డబుల్, ఆ తర్వాత ట్రెబుల్. అమెరికా వాళ్లు ఆ డబుల్‌నే సింగిల్ అంటారు, ట్రెబుల్‌ని డబుల్ అంటారు. ఒక్క అక్షరం ఇంగ్లీషు చదవని మా అమ్మమ్మ నోట్లో ఎవరో దొరసాని పలికిన మాట అలాగే, కాస్త వంకర తిరిగి, బతికుంది.

ఆ రోజు పోస్టరు నిజమే అనిపించింది.

కానీ ఆ అరుగు గురించి ఇంకో సంగతి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టే. మిషనరీలు మొదట నేర్పింది క్రైస్తవంలోకి వచ్చిన పేద దళిత కుటుంబాల ఆడవాళ్లకి. గడప దాటకపోవడమే గౌరవం అనుకునే మాలాంటి ఇళ్లలోకి అది తర్వాత వచ్చింది, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు గనక. కాలవ అవతల పేటలో ఒకావిడ ఉండేది. అతుకుపనిలో ఆవిడకి సాటి లేదని ఏజెంటే అనేవాడు. అతుకు ఎక్కడుందో కనిపించేది కాదట. ఒకే ఏజెంటు, ఒకే దారం. కొన్నిసార్లు అమ్మమ్మ వేసిన పూలు ఆవిడ చేతికే వెళ్లేవి. అమ్మమ్మ ఆవిడ పని ఎన్నోసార్లు చూసింది. ఆవిడతో మాట్లాడింది లేదు. సముద్రాలు దాటిన లేసు మా ఊళ్లో కాలవ దాటలేదు. సరిహద్దుల్లేవని రాసిన పోస్టరు చూస్తే ఒళ్లు మండే గురువారాలు నాకు ఈ కాలవే గుర్తొస్తుంది.

అదే ఏడాది అక్కడ

లైబ్రరీలో నాకు ట్రెబుల్ చెప్పిన పెద్దావిడ డెబ్బై దాటిన మనిషి. ఆస్పత్రిలో పుట్టిన పసిపిల్లలకి టోపీలు అల్లి ఇస్తుంటుంది కాబట్టి నా లెక్కలో ఆవిడ టోపీలావిడ. ఆవిడ అమ్మమ్మది క్లోన్స్ అనే ఊరు, మోనహన్ కౌంటీలో, ఉత్తర ఐర్లాండ్ సరిహద్దుకి ఆనుకుని. ఒక శనివారం కారులో తీసుకెళ్లింది. చిన్న ఊరు. కాలవ పక్కన పాత గోదాములో అద్దాల వెనక లేసు పెట్టారు. గులాబీలు, మూడాకుల షామ్‌రాక్, ద్రాక్షాకులు. వాటి మధ్య వలలో మిరియపు గింజల్లా చిన్న చిన్న ముడులు. క్లోన్స్ ముడి అనే దానికి పేరు.

1845లో ఐర్లాండ్‌లో బంగాళదుంప కుళ్లడం మొదలైంది. 1847లో క్లోన్స్‌లో ఒక ప్రొటెస్టెంట్ చర్చి పాదిరి భార్య, కసాండ్రా హ్యాండ్, ఆకలితో ఉన్న కుటుంబాలకి నాలుగు డబ్బులు వస్తాయని ఈ పని నేర్పించే ఏర్పాటు చేసింది. దక్షిణాన కార్క్ వైపు కాన్వెంట్లలో నన్స్ కూడా అదే చేశారు. పూలు ఒకరు వేస్తే కలిపేది ఇంకొకరు. ఒక్కో కుటుంబానికి ఒక్కో పువ్వులో పేరుండేదనీ, కొత్తవాళ్లు గుమ్మంలోకి వస్తే పని ఆప్రాన్ కింద దాచేసేవారనీ చెబుతారు. నేను ఇది వింటూ "అతుకుపని" అని తెలుగులో పైకే అనేశాను.

1847 మనకి వేరే రకంగా గుర్తు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన ఏడాది. దానికి ముందు 1833 డొక్కల కరువు మన డెల్టాని ఊడ్చేసింది. ఇంకోటి కూడా ఉంది. నరసాపురాన్ని ఆనుకుని మాధవాయపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు అక్కడ కొన్న మెత్తటి నూలు బట్టకి ఇంగ్లీషులో "మడపొల్లం" అని ఆ ఊరి పేరే పెట్టారు. తర్వాత అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు బట్ట తీశాయి. పేరు మాది, మగ్గాలు పోయినవీ మావే. బట్టలు నేసిన చోట చేతిలో పని లేని కాలంలో కొక్కెం సూది వచ్చింది.

ఈ రెండు ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇటు కరువు, అటు కరువు. రెండు చోట్లా ఒక మతం మనుషులు నేర్పారు, రెండు చోట్లా ఇల్లు కదలని ఆడవాళ్లు నేర్చుకున్నారు, ఒకే రకంగా పని పంచుకున్నారు. రెండు లేసులూ ఎక్కడో దూరాన కలిగినవాళ్ల ఇళ్లకే పోయాయి. కానీ దీన్ని "కలిపింది" అనొచ్చా? ఒక కామందు దగ్గర రెండూళ్ల పాలేళ్లు పనిచేస్తుంటే వాళ్లిద్దరూ చుట్టాలైపోతారా? క్లోన్స్ ఆవిడకి నరసాపురం తెలియదు, నరసాపురం ఆవిడకి క్లోన్స్ తెలియదు. ఇద్దరికీ తెలిసింది, రేటు తగ్గించే మనిషి ఒకడున్నాడని.

పాలకొల్లు

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఆవిడ చెప్పిన ముఖ్యమైన ముక్క ఇది: వీళ్లు ప్రపంచ మార్కెట్ కోసం రోజుకి గంటల తరబడి పనిచేస్తున్నా, అందరూ వీళ్లని ఇంట్లో ఊరికే ఉండే గృహిణులనీ, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారనీ అనుకుంటారు. ఆ అనుకోవడం వల్లే కూలి పొలం పని కంటే తక్కువ. ఇది చదివినప్పుడు నాకు కోపం రచయిత్రి చెప్పిన వ్యాపారుల మీద కాదు, నా మీదే వచ్చింది. "మీ అమ్మమ్మ ఏం చేస్తారు?" అని స్కూల్లో అడిగితే "ఏం చేయదు, ఇంట్లో ఉంటుంది" అని చెప్పినదాన్ని నేను. మా అమ్మ ఇంటర్ ఫీజు ఆ "ఏం చేయదు"లోంచే వచ్చింది.

ఒకసారి, కాలేజీ రోజుల్లో, పెద్ద తెలివిగా అడిగాను: "అమ్మమ్మా, నీ లేసు చివరికి ఎక్కడికి వెళ్తుందో తెలుసా?"

"తెలీకేం. పాలకొల్లు."

అక్కడ షావుకారు ఉండేవాడు. ఆవిడకి సంబంధించినంత వరకు లేసు ప్రయాణం అక్కడితో సరి. జర్మనీ, అమెరికా అని నేను చెబుతుంటే "ఎవరేసుకుంటే నాకేంటమ్మా, కోత కొయ్యకుండా ఇస్తే చాలు" అంది. ఈ జవాబు నా వాదానికి అనుకూలమే. వ్యతిరేకం కూడా. ప్రజల్ని కలిపే వారధి అని మనం పూలదండ వేసే పని, చేసేవాళ్లకి బియ్యం డబ్బాలో దాచుకునే నోట్లు. ఆవిడకి అక్కర్లేని బంధాన్ని నేనెందుకు ఇంత పట్టుబట్టి వెతుకుతున్నాను? నాకు దారం సరదాకి కావాలి. ఒక ఉండకి నేనిచ్చే యూరోలు అప్పట్లో ఆవిడ నెల కూలికంటే ఎక్కువే ఉంటాయి. బంధం గురించి పుల్లలు విరిచే తీరిక కూడా బహుశా ఆ డబ్బుతోనే వచ్చింది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబుంది.

పోయిన వేసవిలో సిటీ సెంటర్లో ఒక బట్టల షాపులో క్రోషె టాప్ చూశాను. చాలామందికి తెలియని విషయం, ఇలా కొక్కెంతో వేసే అల్లికని చేసిపెట్టే యంత్రం ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ లేదు. స్వెటర్ అల్లడానికి ఉంది, వల లాంటి లేసుకి ఉంది, దీనికి లేదు. అంటే షాపులో వేలాడే ప్రతి క్రోషె టాప్ వెనకా ఒక మనిషి చెయ్యి ఉన్నట్టే. ధర చూస్తే అందులో పట్టే దారం ఖరీదుకి అటూ ఇటూగా ఉంది. పక్కనున్న అమ్మాయి "సో క్యూట్" అంటూ సైజు వెతుక్కుంటోంది. నేను లోపలి వైపు తిప్పి చూశాను. దారం చివర్లు అరంగుళం కూడా వదలకుండా కత్తిరించేశారు. పని తెలిసినవాళ్లు అలా చేయరు, నాలుగు ఉతుకుల్లో ఊడొస్తుందని తెలుసు. చివర్లు వెనక్కి దోపి దాచాలి. తెలిసీ అలా చేశారంటే టైము లేదన్నమాట, ఎవరో నెత్తి మీద నిలబడ్డారన్నమాట. ఆ అమ్మాయికి కనపడనిది నాకు కనపడింది. నేనేదో గొప్పదాన్నని కాదు, చిన్నప్పుడు అరుగు మీద చివర్లు దోపలేదని మొట్టికాయలు తిన్నాను కాబట్టి.

అందుకే నా మట్టుకు నేను అనుకునేది ఇంతవరకు. వస్తువు దేశాలు తిరిగినంత మాత్రాన మనుషుల్ని కలపదు. మడపొల్లం తిరగలేదా? పని చేతికి వచ్చినవాళ్లకే అవతలి చెయ్యి కనిపిస్తుంది. అదీ ఒకవైపే. ఆ టాప్ అల్లినావిడకి నేను కనిపించను. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటే తప్ప బంధం అన్న మాట వాడటానికి నాకు నోరు రాదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఫలానా ఊరిదని ప్రభుత్వం ఇచ్చే ముద్ర, వచ్చినప్పుడు సంబరపడ్డాను. ఊరి పేరు నిలిచింది, మంచిదే. క్లోన్స్‌కి ముడి పేరు మిగిలినట్టు. ఆ ముడి మొదట వేసిన చెయ్యి ఎవరిదో ఆ ఊళ్లో అద్దాల వెనక నాకెక్కడా కనపడలేదు.

వెనక వైపు

2011లో ఇంగ్లండులో రాణిగారి మనవడి పెళ్లికి పెళ్లికూతురి గౌను మీద లేసు పని చేసినవాళ్లు, తెల్లదనం చెడకుండా అరగంటకోసారి చేతులు కడుక్కున్నారని పేపర్లు విశేషంగా రాశాయి. ఆ లేసుది క్యారిక్‌మాక్రాస్ పద్ధతి, అది కూడా మోనహన్ కౌంటీదే. టోపీలావిడ ఈ సంగతి కాస్త గర్వంగా చెబితే నేను నవ్వాను. మా అమ్మమ్మ ప్రతి కండెకీ ముందు సున్నిపిండితో చేతులు రుద్ది, ఆరబెట్టి, పౌడర్ రాసుకునేది. ఏ పేపరూ రాయలేదు. "మీ అమ్మమ్మ బతికే ఉందా?" అని అడిగిందావిడ. ఎనభై మూడేళ్లు, కళ్లజోడుతో ఇంకా అల్లుతుంది అన్నాను. అయితే చూపించు అంది.

అలా ఒక గురువారం మధ్యాహ్నం, లైబ్రరీలో జనం లేనప్పుడు, వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం. అత్తయ్య ఫోను పట్టుకుంది. నమస్కారాలు, హలోలు, నవ్వులు, తర్వాత ఏం మాట్లాడాలో తెలియని ఖాళీ. అప్పుడు టోపీలావిడ తన అమ్మమ్మ అల్లిన కాలరు తీసి కెమెరా ముందు పట్టుకుంది. చక్కటి గులాబీలు. నేను "బావుందా అమ్మమ్మా?" అన్నాను.

"వెనక వైపు తిప్పమను."

తిప్పింది.

"ఇంకా దగ్గరగా."

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అమ్మమ్మ మొహం ఫోనుకి ఎంత దగ్గరగా వచ్చిందంటే మాకు ఒక కన్ను, సగం ముక్కుపుడక మాత్రమే కనిపిస్తున్నాయి. "చివర్లు ఎక్కడ దోపిందో కనపళ్లేదే. మంచి చెయ్యి" అంది. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే టోపీలావిడకి అర్థమైంది. అది మెచ్చుకోలని గొంతులోనే తెలిసిపోతుంది. తర్వాత అమ్మమ్మ తను అడగదలుచుకున్నది అడిగింది.

"కండెకి ఎంతిస్తారంట అక్కడ?"

నాకు సిగ్గేసింది. ఇంత మంచి సమయంలో కూలి మాటేంటి అనిపించింది. అనువాదంలో మింగేద్దామని కూడా చూశాను. అమ్మమ్మ ఊరుకోలేదు, "అడగవే" అంది. అడిగాను.

టోపీలావిడ కాలరు మడతపెట్టింది. వాళ్ల అమ్మమ్మకి ఎంతిచ్చేవారో తనకి తెలియదంది. పని తీసుకెళ్లేవాడు ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి కొంత తగ్గించేవాడని మాత్రం ఇంట్లో చెప్పుకునేవారట, మాసిందనో, ఒక ఆకు పెద్దదైందనో. వాడొచ్చే రోజు వాళ్ల అమ్మమ్మ కిటికీ దగ్గర వెలుతురు పడకుండా తెర వేసేదట.

ఇది తెలుగులో చెప్పగానే అమ్మమ్మ పకపకా నవ్వింది. "మేవూ అంతే! దీపం పెట్టకముందే రమ్మనేవాళ్లం వాణ్ణి!" పక్కనున్న అత్తయ్య కూడా నవ్వు ఆపుకోలేక ఫోను ఊపేసింది. నేను అటూ ఇటూ చెప్పడం మానేశాను, ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు ఆ మనిషిని తిట్టుకుంటున్నారు. పది నిమిషాలు.

చివర్లో టోపీలావిడ క్లోన్స్ ముడి వేసి చూపించింది. చైను కాస్త పొడవుగా లాగి, సూదిని దాని మీదుగా, కిందుగా ఊపుతూ దారం చుట్టుకుంటూ పోయి, అన్నింట్లోంచీ ఒకేసారి లాగి బిగించడం. చూడటానికి తేలిక. అమ్మమ్మ మూడుసార్లు చూసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. రాత్రంతా ప్రయత్నించిందట. లాగేటప్పుడు చుట్లు జారిపోతున్నాయి, గింజ నిలబడట్లేదు.

"కాలవ అవతలావిడ అయితే ఒక్కసారి చూసి పట్టేసును" అంది.

"అడగొచ్చుగా వెళ్లి."

"పోయి పదేళ్లయిందే." కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత మామూలు గొంతుతో, "ఎన్ని చుట్లో సరిగ్గా కనుక్కో. పదా, పన్నెండా. సూది నంబరెంతో కూడా అడుగు" అంది.

గురువారం అడగాలి.